నాన్న వెళ్ళకూడని ఊరు

నాన్న మీసం తీసింది నేను. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాసుకోలేదు. ఆ రోజు పేజీలో "పొద్దున చలిగా ఉంది" అని మాత్రం ఉంది.

ఖమ్మంలో మేం కిరాయికున్న ఇంటి వెనక, నీళ్ళ తొట్టి పక్కన, నాన్నను పీట మీద కూర్చోబెట్టి మెడ చుట్టూ తువ్వాలు కట్టాను. ముందు కత్తెరతో కత్తిరించి, తర్వాత రేజరు పెట్టాను. ఆయన కుడిచెయ్యి అప్పటికే వణికేది. మంగలి షాపుకు పోవచ్చు గానీ, అక్కడ కూర్చునేవాళ్ళలో సగం మంది పోలీసు లైన్ల వాళ్ళే. గడ్డం చేయించుకుని లేచేలోపు పేటంతా తెలిసిపోతుంది. అందుకని నన్ను అడిగాడు. "బిడ్డా, నీ చెయ్యి తిన్నగ ఉంటది గదా," అన్నాడు.

మిలిటరీలో ఉన్నప్పుడు పెంచిన మీసం అది. చివర్లు పైకి తిరిగి ఉండేవి. రిటైరయ్యాక దానికి రంగు వేసుకోవడం మొదలుపెట్టాడు. ఇంకే సోకూ లేని మనిషి, ఆ ఒక్కదానికే అద్దం ముందు కూర్చునేవాడు. తీసేశాక పైపెదవి మీది చర్మం ఎండ ఎరగనట్టు తెల్లగా ఉంది. మొహం ఒక్కసారిగా చిన్నదైపోయింది. అద్దం ఇస్తే చూసుకోలేదు. "అయిందా?" అని తువ్వాలు దులుపుకుని లేచాడు.

మర్నాడు మేం చర్ల వైపు, అమ్మ సమాధి చూడటానికి పోవాలి. మీసం తీసింది అందుకే.

నాన్నది వైరా పక్కన పల్లెటూరు. మీసాలు సరిగా రాని వయసులో మిలిటరీలో చేరి, వైర్‌లెస్ సెట్టు మీద పని నేర్చుకున్నాడు. కొన్నాళ్ళు మంచుకొండల్లో, కొన్నాళ్ళు ఇసుకలో చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని కూర్చుని, అక్కడి సర్వీసు ముగించుకుని వచ్చి, మళ్ళీ పోలీసులో కూడా వైర్‌లెస్‌లోనే చేరాడు. "నేను తుపాకి పట్టింది తక్కువ, సెట్టు పట్టింది ఎక్కువ," అనేవాడు. చివరికి ఎస్సైగా రిటైరయ్యాడు. పోలీసు సర్వీసంతా ఇంచుమించు భద్రాచలం చుట్టుపక్కలే. ఒక బల్ల, ఒక సెట్టు, ఒక బ్యాటరీ, పైన రేకుల కప్పు. గది మారేది గానీ లోపల సామాను మారేది కాదు.

సెట్టు మీద ఏ మెసేజి వచ్చినా, విన్నవాడు దాన్ని ఉన్నదున్నట్టు తిరిగి చెప్పాలి. సరిగా వినపడిందని అవతలివాడికి తెలియడానికి. ఆ అలవాటు నాన్నకు ఇంట్లోకి కూడా వచ్చేసింది. "నాన్నా, గ్యాస్ అయిపోయింది" అంటే, "గ్యాస్ అయిపోయింది," అని ఒకసారి తను కూడా అని, అప్పుడు చెప్పులు వేసుకునేవాడు. చిన్నప్పుడు ఇది నాకు ఆటలా ఉండేది. పెద్దయ్యాక, నా మాటలు పూర్తిగా వినే మనిషి ఈయన ఒక్కడే కదా అనిపించేది. నేను మామూలుగా గట్టిగా మాట్లాడను. క్లాసులో హాజరు పలికితే కూడా రెండోసారి అడుగుతారు. నాన్న ఎప్పుడూ రెండోసారి అడగలేదు. ఒక చెవి హెడ్‌ఫోను కింద పాడైనా సరే.

అడవి పక్క పనిచేసే పోలీసులకు కొన్ని కట్టుబాట్లు ఉండేవి. బస్సులో యూనిఫారం వేసుకోకూడదు. కొత్త ఊళ్ళో దారి అడగకూడదు, ఎందుకంటే దారి అడిగినవాడి మొహం ఊరికి గుర్తుండిపోతుంది. అన్నిటికంటే ముఖ్యం, చావుకు పోకూడదు. పెళ్ళికి రాకపోయినా తనవాళ్ళ చావుకు మనిషి వచ్చి తీరతాడని అడవిలో ఉన్న అన్నలకు తెలుసు. పోలీసులు వాళ్ళను "లోపలోళ్ళు" అనేవాళ్ళు. తల్లిని పాతిపెట్టడానికి పోయి తిరిగిరాని పోలీసుల ముచ్చట్లు ప్రతి స్టేషన్లోనూ చెప్పుకునేవాళ్ళు. అందుకే లోపలి ఊళ్ళ నుంచి చావు కబురు వస్తే సెలవు దొరికేది కాదు. దొరికినా తోటివాళ్ళు పోనిచ్చేవాళ్ళు కాదు.

అమ్మ పోయింది అలాంటి ఊళ్ళోనే. చర్ల ఇవతల రోడ్డు దిగి లోపలికి నడిచే ఊరు, మా అమ్మమ్మది. అమ్మమ్మ మిషన్ దవాఖానాలో ఆయాగా పనిచేసి ఆ ఊళ్ళోనే స్థిరపడింది. ఒక వానాకాలం ఆమెకు బాగాలేదని చూడబోయి, అమ్మే జ్వరంతో పడిపోయింది. ఆ వైపు మలేరియా తలకెక్కితే ఎక్కువసేపు ఆగదు. వాగులు పొంగి ఉన్నాయి, ఇవతలికి తెచ్చే దారి లేదు. అక్కడే పాతిపెట్టారు. అప్పుడు నేను ఖమ్మంలో సిస్టర్ల హాస్టల్లో ఉండి చదువుకునే చిన్నపిల్లను. నన్ను తీసుకుపోయేవాళ్ళు లేక నేనూ పోలేదు. తర్వాత కూడా నాన్న నన్ను అటు పంపలేదు. అమ్మమ్మే ఏడాదికోసారి ఖమ్మం వచ్చి చూసిపోయేది.

ఆ కబురు నాన్నకు ఎలా చేరిందో నాకు చాలా ఏళ్ళకు తెలిసింది. నాన్నతో కలిసి పనిచేసిన హెడ్ కానిస్టేబుల్ ఒకాయన రిటైరై మా వీధిలోనే ఉండేవాడు. నేను హెడ్డు మామ అని పిలిచేదాన్ని. ఆయన చెప్పాడు. ఆ రోజు నాన్న భద్రాచలంలో సెట్టు మీద డ్యూటీలో ఉన్నాడట. చర్ల నుంచి మెసేజి వచ్చింది. ఫలానా ఉద్యోగి భార్య జ్వరంతో చనిపోయింది, ఊరి సమాధుల తోటలో తూర్పు వైపు ఇప్పచెట్టు కింద పాతిపెట్టారు, ఉద్యోగికి తెలియజేయగలరు. అవతల చెప్పేవాడు కొత్తవాడు. ఇటు వింటున్నది ఆ ఉద్యోగేనని వాడికి తెలియదు. నాన్న మొత్తం రాసుకుని, తన పేరుతో సహా అంతా తిరిగి చదివి వినిపించాడట. తర్వాత డ్యూటీ అయ్యేదాకా మిగతా మెసేజిలు కూడా తీసుకున్నాడట.

"నేను పక్కనే ఉన్న బిడ్డా," అన్నాడు హెడ్డు మామ. "గొంతు జరంత గూడ మారలే. నాకే భయమైంది."

నేను డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నప్పుడు నాన్నకు ఆయాసం మొదలైంది. గుండె బలహీనంగా ఉందని, ఎక్కువ తిరగొద్దని దవాఖానాలో చెప్పారు. "ఎక్కువ తిరగొద్దు," అని నాన్న డాక్టరుకు తిరిగి చెప్పాడు. ఇంటికొచ్చేటప్పుడు ఆటోలో, "తిరిగే ఓపిక ఉన్నప్పుడే మీ అమ్మ దగ్గరకు ఒకసారి పోయిరావాలె," అన్నాడు. అంతకుముందు ఆ మాట ఎత్తగా నేను వినలేదు. ప్రతి నవంబరులో సమాధుల పండుగ వస్తుంది. ఖమ్మంలో మా చర్చివాళ్ళంతా సున్నం డబ్బాలు, కొవ్వొత్తులు, బంతిపూలు పట్టుకుని తమ తమ వాళ్ళ దగ్గరకు పోతారు. ఆ రోజు నాన్న ఇంట్లో పొద్దస్తమానం రేడియో విప్పి బిగించేవాడు.

ఆ సాయంత్రమే హెడ్డు మామకు తెలిసింది. అరుగు మీద కూర్చుని ఇద్దరూ వాదించుకున్నారు. నేను లోపల బియ్యం ఏరుతూ విన్నాను.

"మిల్ట్రీ, నీకు మతి ఉన్నదా?" అన్నాడు మామ. మిలిటరీ నుంచి వచ్చాడని నాన్నను అలాగే పిలిచేవాడు.

"ఉన్నది."

"నువ్వు రిటైరైతే డిపార్ట్‌మెంటు మర్చిపోయింది. లోపలోళ్ళు మర్చిపోతరా?"

"మర్చిపోతరా," అన్నాడు నాన్న.

"తిరిగి చెప్పకు. నేనడిగింది సవాలు. జవాబు చెప్పు."

నాన్న, "పండుగ రోజు పోను. అయిపోయినంక పోత. అత్తమ్మ ఇంటికి గూడ పోను. సీదా సమాధి కాడికి పోయి, సున్నమేసి, అదే బస్సుకు తిరిగొస్త," అన్నాడు.

"మరి పిల్లనెందుకు తీస్కపోతున్నవ్?"

"ఆడపిల్ల ఎంబడి ఉంటే ఎవరు అనుమానపడరు. సంబంధం మాట్లాడ పోతున్నరనుకుంటరు."

"అట్లయితే నిజంగనే ఒక సంబంధం గూడ సూస్కొని రా. పోయిన ఖర్చులు కలిసొస్తయ్," అన్నాడు మామ, నాకు వినపడేట్టు. నేను చాట తీసుకుని వంటింట్లోకి పోయాను. కాసేపటికి మామ గొంతు మళ్ళీ వినిపించింది. "పోతే పోయినవ్ గనీ, ఆ మీసం ఇంట్ల ఇడిసిపెట్టి పో. చర్లల దిగితె ఖమ్మం దాక కనపడతది అది."

మీసం తీసిన మర్నాడు ఇంటికి తాళం వేస్తుంటే పక్కింటామె నాన్న మొహం చూసి చేతిలో చీపురు ఆపేసింది. వాళ్ళలో తల్లో తండ్రో పోతే మీసం తీస్తారు.

"అయ్యో, ఎవరు పోయిన్రు సార్?"

"ఎవరూ పోలేదమ్మా. జలుబు చేసింది."

ఆమె ఇంకేదో అడగబోయేలోపు నాన్న గేటు దాటేశాడు.

సున్నం పొట్లం, కుంచె, కొవ్వొత్తులు నా కాలేజీ సంచిలో అడుగున పెట్టాం. పైన లైబ్రరీ నుంచి తెచ్చుకున్న నవల ఒకటి, నోట్సు ఒకటి. పొట్లం ఎక్కడో చినిగి ఆ నవల అంచులన్నీ తెల్లబడ్డాయి. నాన్న లుంగీ కట్టి, పాత చొక్కా వేసుకుని, భుజాన తువ్వాలుతో రైతులా తయారయ్యాడు. బస్సులో నా ముందు సీట్లో పక్కకు తిరిగి కూర్చుని, కొత్తగూడెం దాటిన దగ్గర్నుంచీ ఊళ్ళు వస్తుంటే కిటికీలోంచి చూస్తూ పెదవులు కదిలించాడు. తను ఎక్కడెక్కడ పనిచేశాడో ఆ చోట్లు తనలో తను చెప్పుకుంటున్నాడు. గోదావరి బ్రిడ్జి మీద అందరూ చేతులు జోడిస్తుంటే నాన్న కళ్ళు మూసుకున్నాడు. దండం పెట్టినట్టో, అలిసిపోయినట్టో నాకు తెలియలేదు.

భద్రాచలంలో చర్ల బస్సు ఎక్కాం. బస్సు నిండా పత్తి ఏరడానికి పోయే ఆడవాళ్ళు. వాళ్ళు కోయ భాషలో నవ్వుకుంటూ మాట్లాడుకుంటున్నారు. దారిలో ఒక చోట పోలీసులు బస్సు ఆపి అందరి సంచులూ చూశారు. నాకంటే రెండు మూడేళ్ళు పెద్దవాడేమో, ఒక కానిస్టేబులు నాన్న దగ్గర ఆగాడు.

"ఏ ఊరు?"

"వైరా కాడ సార్," అన్నాడు నాన్న లేచి నిలబడి.

"ఏం జేస్తవ్?"

"ఎవుసం సార్."

వాడు మా సంచిలో చెయ్యి పెట్టి తెల్లటి వేళ్ళు బయటకు తీశాడు. "ఏందిది?"

"సున్నం సార్. సమాధికి."

వాడు నాన్న కాళ్ళ వైపు చూశాడు. నేనూ అప్పుడే చూశాను. అన్నీ మార్చుకున్న నాన్న బూట్లు మార్చుకోలేదు. పాలిష్ చేసి, లేసులు బిగించి కట్టిన నల్ల బూట్లు. "ఎవుసం చేసెటోళ్ళు గిట్లాంటి బూట్లేస్తరా?" అన్నాడు కానిస్టేబులు.

నాన్న ఒక్క మాట చెబితే వాడు సెల్యూట్ కొట్టేవాడు. కానీ ఆ మాట బస్సంతా వినేది. తల వంచుకుని నిలబడ్డాడు. "సంతల కొనుక్కున్నడు," అన్నాను నేను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. వాడు నన్నూ నాన్ననూ మార్చి మార్చి చూసి, "కూసో పెద్దాయనా," అని ముందుకు పోయాడు.

బస్సు కదిలాక నాన్న వెనక్కి తిరిగి, "చెకింగ్ సరిగ చెయ్యలే పోరడు. నేనైతె దింపుదు," అన్నాడు.

రోడ్డు మీద దిగి, ఎవరినీ ఏమీ అడగకుండా, పత్తి చేల మధ్య బండ్ల బాట పట్టుకుని నడిచాం. నాన్న ముందు, నేను వెనక. మధ్య మధ్య ఆయన ఆగి ఊపిరి తీసుకునేవాడు. ఆగినప్పుడల్లా ఏదో వింటున్నట్టు తల పక్కకు పెట్టేవాడు, నాకు ఆయాసం కనపడకుండా. సమాధుల తోట ఊరికి ఇవతలే ఉంది. పండుగ అయిపోయి ఎక్కువ రోజులు కాలేదు. సమాధులన్నీ తెల్లగా ఉన్నాయి, వాటి మీద వాడిన బంతిపూలు, కరిగిన మైనం. తూర్పు వైపు ఒకే ఒక్కదానికి సున్నం లేదు. గడ్డి పట్టి, ఒక పక్కకు కుంగిపోయిన మట్టిదిబ్బ. దాని మొదట్లో నరికేసిన ఇప్పచెట్టు మొద్దు. సిలువ కూడా లేదు.

"ఇదే," అన్నాడు నాన్న.

నాకు అమ్మమ్మ మీద కోపం వచ్చింది. ఊళ్ళో ఉండి కూడా ఇలా వదిలేసిందే అనుకున్నాను. నాన్న లుంగీ ఎగ్గట్టి మోకాళ్ళ మీద కూర్చుని గడ్డి పీకడం మొదలుపెట్టాడు. ఇద్దరం కలిసి పీకాం. చుట్టూ పడి ఉన్న రాళ్ళు తెచ్చి దిబ్బ చుట్టూ పేర్చాం. బోరింగు నుంచి పగిలిన కుండలో నీళ్ళు తెచ్చాను. సున్నం కలిపి నాన్నే వేశాడు. చెయ్యి వణికి సగం చొక్కా మీద, సగం నా చున్నీ మీద పడింది. నేను వేస్తానంటే కుంచె ఇవ్వలేదు. అయ్యాక కొవ్వొత్తి వెలిగించి, దాని పక్కన కూర్చున్నాడు.

"వచ్చిన," అన్నాడు. "శాన ఆలస్యమైంది."

నేను లేచి దూరంగా పోయాను. నాన్న ఒకేసారి అన్ని మాటలు మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. గాలికి కొన్ని మాటలు నా దాకా వచ్చాయి. వాటిని ఇక్కడ రాయను. అవి నాకోసం చెప్పినవి కావు.

అప్పుడు బాట మీద కర్ర చప్పుడు. అమ్మమ్మ. నడుము వంగి, ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో కళ్ళకు ఎండ అడ్డం పెట్టుకుని వచ్చి, నాన్న వెనక నిలబడింది. సమాధిని చూసింది, కొవ్వొత్తిని చూసింది, నాన్న చొక్కా మీది సున్నాన్ని చూసింది.

"గాయనకెందుకు ఏస్తున్నవయ్యా సున్నం?" అంది.

నాన్న తల తిప్పాడు.

"అది మా దవాఖానల వంటాయన గోరీ. కొడుకులు దేశం మీద పోయిన్రు, ఒక్కడు రాడు. ఇన్నాళ్ళకు నువ్వొచ్చినవ్."

"ఇప్పచెట్టు కింద అని గదా అత్తమ్మా," అన్నాడు నాన్న. "తూర్పు వైపు, ఇప్పచెట్టు కింద అని వచ్చింది మెసేజి."

"ఇప్పచెట్లు రెండుండె. ఒకటి గీ మొద్దు. అగో, అక్కడిది గాలికి పడ్డది."

"మెసేజిల ఒక్కటే చెట్టు చెప్పిన్రు."

"చెట్లకు మీ మెసేజి తెల్వదు గదయ్యా."

అమ్మమ్మ నెమ్మదిగా అక్కడే కూలబడింది. "అంతసేపు ఏం మాట్లాడినవో ఏమో. ఆయనకు బతికుండంగనే చెవుడు," అంది. ఆ మాట అనేసరికి ఆమెకే నవ్వు వచ్చింది. పళ్ళు లేని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నాన్న ఆమె వైపు చూసి, సమాధి వైపు చూసి, తనూ నవ్వడం మొదలుపెట్టాడు. చప్పుడు లేదు, భుజాలు మాత్రం కదిలాయి. నవ్వుతూ నవ్వుతూ సున్నం చేతులతోనే మొహం తుడుచుకున్నాడు.

అప్పుడు అమ్మమ్మకు మీసం గుర్తొచ్చింది. "మూతేంది గట్లున్నది?"

"తీసేసిన. గుర్తుపట్టొద్దని."

"ఎవరు?"

నాన్న అడవి వైపు తల ఊపాడు.

"నువ్వు బస్సు దిగంగనే చెప్పిన్రయ్యా నాకు, పత్తి ఏరేటోళ్ళు, మీ అల్లుడు సెట్టు సారొచ్చిండని. నీ నడక జూస్తె తెల్వదా. గూని ముసలిదాన్ని, నేను గుర్తుపట్టలేనా." కర్రతో నేల మీద గీతలు గీసింది. "అయినా నిన్నిప్పుడెవరు యాది పెట్టుకున్నరు కొడుకా. అప్పటోళ్ళు సచ్చిపోయినోళ్ళు సచ్చిపోయిన్రు, ఉన్నోళ్ళు నీ లెక్కనే ముసలోళ్ళయిన్రు. కొత్త పోరగాండ్లకు నువ్వెవరో ఎరుకలే. నిన్నేం జేసుకుంటరు?"

"యాది పెట్టుకున్నోళ్ళు లేరు," అన్నాడు నాన్న.

ఆ మాట విన్నాక ఆయన మొహంలో భయం పోయినట్టు నాకు కనిపించలేదు. ఇన్నేళ్ళు బరువు మోసుకొచ్చినవాడికి, దించు, అది అక్కర్లేదట అని చెప్పినట్టు ఉంది. ఎన్నాళ్ళ కిందట అక్కర్లేకుండా పోయిందో కూడా ఎవరూ చెప్పలేదు. సెట్టు మీద ఆ మెసేజి రాలేదు. మేం ముగ్గురం మూడు చోట్ల ఉన్నాం, అమ్మ ఇక్కడ, నేను హాస్టల్లో, ఆయన రేకుల గదుల్లో. అందులో కొన్ని ఏళ్ళన్నా ఊరికే పోయాయేమో.

అమ్మ సమాధి అదే తూర్పు వైపు, తోట అవతలి అంచున ఉంది. చిన్న సిమెంటు గద్దె, కొత్త సున్నం, చుట్టూ చిమ్మిన నేల. అమ్మమ్మ అన్నీ చేసింది. కానీ దానికీ సిలువ లేదు. తల వైపు సిలువ దిగేంత బెజ్జం మాత్రం వదిలి, దానిలో మట్టి పడకుండా ఒక పెంకు మూతపెట్టారు.

"సిలువ ఏదత్తమ్మా?"

"చర్చి ఉపదేశి ప్రతి పండుగకు అడుగుతనే ఉన్నడు, పెట్టిద్దామని. నేనే వద్దన్న. పెనిమిటి బతికుండంగ నేనెందుకు పెట్టాలె? నువ్వొచ్చినంక పెడ్తవని ఇడిసిపెట్టిన."

నాన్న ఆ గద్దె ముందు నిలబడ్డాడు. ఈసారి ఏమీ మాట్లాడలేదు. దాచుకున్న మాటలన్నీ వంటాయన దగ్గర అయిపోయాయి. వంగి ఆ పెంకు తీసి, బెజ్జంలో వేలు పెట్టి లోతు చూసి, మళ్ళీ మూత పెట్టాడు. సున్నం కూడా అయిపోయింది. ఇక్కడ దాని అవసరమూ లేదు.

అమ్మమ్మ ఇంట్లో వంకాయ, ఎండురొయ్యల కూరతో అన్నం తిన్నాం. తింటూ నాన్న, "చర్లల వడ్లాయన ఉన్నడా?" అని అడిగాడు. ఉన్నాడంది అమ్మమ్మ. "అయితే నేను ఉంట. మద్దికర్రతోని సిలువ చేపిచ్చి, ఆదివారం పాతి, అప్పుడొస్త."

నేనూ ఉంటానన్నాను. కాలేజీలో పరీక్ష ఉంది కదా అన్నాడు. పరీక్ష సంగతి నేను వారం కింద ఎప్పుడో చెప్పాను.

ఎండ వాలకముందే నన్ను రోడ్డు దాకా తీసుకొచ్చాడు. దారిలో ఎదురైనవాళ్ళు "బాగున్నరా సార్" అన్నారు. ఆయన ప్రతిసారీ ఒక్క క్షణం తడబడి, "అవ్, బాగున్న" అన్నాడు. బస్సు రాగానే కండక్టరు దగ్గరకు పోయి, "మా బిడ్డ ఒక్కతే పోతున్నది. భద్రాచలంల ఖమ్మం బస్సు ఎక్కియ్యి. నేను రిటైర్డ్ ఎస్సైని," అన్నాడు. అంత గట్టిగా, అంతమంది ముందు ఆ మాట ఆయన అనగా నేను విన్నది అదే మొదటిసారి.

"అయితే ఏంది సార్. టికెటు తీస్కోవాలె గదా," అన్నాడు కండక్టరు. నాన్న తలూపి టికెటు తీశాడు.

ఆదివారం చర్చిలో పూజ అయ్యాక నాన్న సిలువ పాతాడట. ఉపదేశి పట్టుకోబోతే వద్దని, తనే ఎత్తి బెజ్జంలో దించి, చుట్టూ కంకర కూరాడట. అది వంకర లేకుండా నిలబడిందో లేదో చూడటానికి వెనక్కి నడిచి, ఒంటి కన్ను మూసి, తిరిగి వచ్చి సర్ది, మళ్ళీ వెనక్కి నడిచి చూశాడట. ఇంటికొచ్చి టీ తాగి, నడుం వాలుస్తానని మంచం వేయించుకుని పడుకున్నాడు. చీకటి పడ్డాక అమ్మమ్మ అన్నానికి లేపబోతే లేవలేదు.

ఖమ్మంలో ఎవరికి చెప్పినా ముందు అడిగింది ఒకటే, వాళ్ళే చంపారా అని. కాదు అని చెప్పీ చెప్పీ అలిసిపోయాను. గుండె ఆగి పోయాడంటే కొంతమంది నమ్మనట్టు చూశారు. కొంతమంది నిరాశ పడ్డట్టు కూడా అనిపించింది.

నాన్నను అక్కడే, అమ్మ పక్కన పెట్టాం. ఆయనతో పనిచేసినవాళ్ళు ఎవరూ రాలేదు. లోపలి ఊళ్ళో చావుకు పోకూడదు కదా, వాళ్ళలో చాలామంది ఇంకా సర్వీసులో ఉన్నారు. పూలదండ ఒకటి చేయించి చర్ల బస్సులో కండక్టరుకు ఇచ్చి పంపారు. దాని మీద ఎవరి పేరూ లేదు. హెడ్డు మామ నాతోపాటు భద్రాచలం దాకా వచ్చాడు. బస్టాండులో చర్ల బస్సు ఎక్కబోయి, మెట్టు మీద కాలు పెట్టి, దించేశాడు. టీ కొట్టు బెంచీ మీద కూర్చుని, నేను తిరిగొచ్చేదాకా అక్కడే ఉన్నాడు.

నాన్న నాతో చివరగా మాట్లాడింది ఆ రోజు రోడ్డు మీద. నేను కుడివైపు కిటికీ దగ్గర కూర్చున్నాను. కండక్టరు విజిల్ వేశాక, నాన్న ఆగమని చెయ్యి చూపించి, బస్సు ముందు నుంచి చుట్టూ తిరిగి నా కిటికీ దగ్గరకు వచ్చాడు. ఆయాసపడుతున్నాడు. చొక్కా మీద సున్నం ఎండిపోయి ఉంది. అమ్మ గురించి ఏదైనా చెబుతాడేమో అనుకున్నాను. చెప్పలేదు. ఆయన చెప్పినట్టే నేను అవతలి సీటుకు మారాను. అక్కడి నుంచి ఆయన కనపడలేదు. బస్సు మలుపు తిరిగాక వెనక అద్దంలోంచి చూశాను గానీ అప్పటికే దుమ్ము లేచింది. ఆ మాట ఇది.

"ఈ పక్క ఎండ కొడతది బిడ్డా. ఆ పక్కకు జరిగి కూసో."